ఏమీ లేని కేకు

పొద్దున్న తొమ్మిదింటికి రాజోలు నుంచి ఫోనొచ్చింది. మా ఎదురింటి పిన్నిగారి కూతురు. పిన్నిగారు పోయి ఏడాది కావస్తోంది. వచ్చే మంగళవారం సంవత్సరీకాలు, అల్లుడే పెడుతున్నాడు. పిన్నిగారికి ఈ పిల్ల ఒక్కతే.

"అక్కా, తద్దినం వంటలోకి కాదండీ, అదంతా మడివంట. భోజనాలయ్యేక వచ్చినవాళ్ళ చేతిలో ఏదైనా పెట్టి పంపాలి కదా. మీరు నల్ల కేకు ముక్కలు చేస్తారే, గుడ్డూ పాలూ లేనివి, అవి ఓ నలభై కావాలి. ఒక్కసారే తిన్నా, అమ్మ దాని గురించి ఫోన్లో ఎన్నిసార్లు చెప్పిందో" అంది.

ఆయ్, దానికేం భాగ్యం అన్నాను. నిజంగా సంతోషపడే అన్నాను. ఆ అమ్మాయి ఫోను పెట్టెయ్యబోతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"అందులో అరటిపండు తగల్దు కదక్కా? అమ్మ కాశీలో వదిలేసింది కదా. విస్తట్లో కూడా పెట్టట్లేదు మేం. ఇదీ అమ్మ పేరు మీద ఇచ్చేదే."

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయమ్మా, మళ్ళీ చేస్తానని పెట్టేసేను. పొయ్యి మీద పాలూ లేవు, నీళ్ళూ లేవు. అసలు పొయ్యే వెలిగించలేదు.

అప్పట్నుంచి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. పెరట్లోకెళ్తాను, ఎందుకొచ్చేనో గుర్తుండదు. వంటింట్లోకొస్తాను, పిండి డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేస్తాను. మా ఆయన రెండుసార్లు పేపరు మీంచి తలెత్తి చూసి ఊరుకున్నారు. ఇలా తిరగడం నా గుణం కాదు, ఎదురింట్లోంచి అంటుకున్న జబ్బు. పిన్నిగారు కూర్చోవడం నేను చూసింది జన్మకి ఒక్కసారే. ఈ గోలంతా ఆ ఒక్కసారి గురించే.

మాది అమలాపురం. ఇంట్లోనే కేకులు చేస్తాను, ఆర్డర్లన్నీ ఫోన్లోనే. పిన్నిగారు మాకు చుట్టం కారు, ఎదురిల్లు, అంతే. వాళ్ళాయన గుళ్ళో అర్చకత్వం చేసేవారు. నేను ఈ వీధికి కాపురానికొచ్చేటప్పటికే ఆయన పోయేరు. ఆయనున్నన్నాళ్ళూ స్వామి నైవేద్యం ఈవిడ చేతివంటే.

వస్తూనే "వెళ్ళొస్తానమ్మాయ్" అనేవారు. రావడానికీ వెళ్ళడానికీ ఆవిడకి అదొక్కటే మాట. గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు మెట్టు మీద. కుర్చీ వేస్తే దాని వీపు పట్టుకుని నిలబడేవారు. కూర్చోండి పిన్నిగారూ అంటే, కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి, పడుకుంటే నడుం పట్టేస్తుంది, తిరుగుతూ ఉంటే ఏ పట్టూ ఉండదు అనేవారు. కాఫీ ఇస్తే ఎత్తిపోసుకుని సగం తాగి గ్లాసు నా చేతిలోనే పెట్టేవారు. మిగతా సగం నేను తాగేదాన్ని. పదేళ్ళు అలా ఆవిడ సగం కాఫీలు తాగేను.

పనులూ సగమే. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తీస్తూ మా అరుగు మీదకొచ్చి, ఏదో గుర్తొచ్చి, పళ్ళెం అక్కడే వదిలేసి వెళ్ళిపోయేవారు. గుడికని మూర పూలు కట్టి, చివర ముడైనా వెయ్యకుండా నా ఒళ్ళో పడేసి మాయమయ్యేవారు. నేను గొణుక్కుంటూ ఆ కాయలన్నీ ఒలిచి, ఆ పూలన్నీ కట్టి, పట్టుకెళ్ళి వాళ్ళింట్లో పెట్టొచ్చేదాన్ని. ఇవి మీ పనులా నా పనులా అని ఓసారి గట్టిగానే అడిగేసేను. ఆవిడేం నొచ్చుకోలేదు. "మొదలెట్టేవాళ్ళు ఒకళ్ళుంటే పూర్తిచేసేవాళ్ళు ఇంకొకళ్ళుంటారమ్మాయ్. అందరూ మొదలెట్టేవాళ్ళే అయితే ఎలా?" అన్నారు. అనేసి వెళ్ళిపోయేరు.

కథలు మరీ అన్యాయం. ఆవిడ పెళ్ళికి తరలి వెళ్తూ అందరూ పంటు మీద గోదారి దాటుతుంటే, నడి ఏట్లో ఇసకమేట మీదకెక్కి కూర్చుందట పంటు. ముహూర్తం దగ్గర పడిపోతోంది. పెళ్ళికూతురు ఈవిడే, బుట్టలో కూర్చుని బుట్టతో సహా వణుకుతోందిట. అక్కడిదాకా కళ్ళకి కట్టినట్టు చెప్పి, "మిగతాది రేపమ్మాయ్" అని మెట్టు దిగేసేరు. ఆ రేపు రానేలేదు. పెళ్ళి మాత్రం అయింది, రాజోల్లో కూతురుంది కదా. పంటు ఒడ్డుకెలా చేరిందో నాకు ఇప్పటికీ తెలీదు.

నల్ల గొడుగొకటి ఉండేది ఆవిడకి, కర్ర పిడిది. ఎక్కడికెళ్తే అక్కడ మర్చిపోయేవారు. వీధిలో ఎవరైనా పిన్నిగారు ఇటొచ్చేరా అని అడిగితే మేం గుమ్మం పక్కకి చూసేవాళ్ళం. గొడుగుందంటే ఆవిడ వచ్చి వెళ్ళేరన్నమాట. అది మా వీధి లెక్క.

ఇంకోటి. బయల్దేరుతుంటే ఎక్కడికండీ అని ఎవరూ అడక్కూడదు. అలా అడిగితే వెళ్ళే పని చెడిపోతుందని మా వైపు అందరికీ పట్టింపే గానీ, పిన్నిగారికి మరీను. ఓసారి తెలీక అడిగితే వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరేరు. ఆ తరవాత నేనెప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇవాళ అనిపిస్తోంది.

కేకు సంగతికొస్తాను. ఊళ్ళో ఒక డాక్టరమ్మగారి పాపకి పాలు పడవు, గుడ్డు పడదు. ఆ పాపకి బ్రౌనీలు కావాలన్నారు, అందులో మైదా పంచదారా కూడా వద్దన్నారు. దీన్ని వీగన్ అంటారని, గుడ్డు వెన్నల బదులు పండు గుజ్జు వేస్తారని ఫోన్లో చూసి తెలుసుకుని, ధైర్యంగా ఒప్పేసుకున్నాను. గోధుమపిండి, బెల్లం, కొబ్బరినూనె, కోకో పొడి. కోకో మనదే, కొబ్బరిచెట్ల నీడన మన తోటల్లో కాసేదే. అప్పుడు మామిడిపళ్ళ రోజులు కాబట్టి మామిడి గుజ్జు. మొదటి నాలుగు వాయలూ పైన పెచ్చు, లోపల బురద. ఆవుకి పెడితే ఆవు కూడా వాసన చూసి మొహం తిప్పుకుంది.

ఐదో వాయ ఓవెన్లో ఉండగా పిన్నిగారొచ్చేరు, ఒక కాలు మెట్టు మీద. ఏం చేస్తున్నావంటే చెప్పేను. నెయ్యి లేకుండా తీపా అని నోరు వెళ్ళబెట్టేరు.

"నెయ్యి లేకుండా తీపేంటమ్మాయ్, ఎవరు పోయేరు?"

అప్పట్నుంచి దానికి ఏమీ లేని కేకు అని పేరు పెట్టేరు. పేరు పెట్టి ఊరుకోలేదు. గుజ్జులో నీళ్ళున్నాయి, నీళ్ళు చావకుండా పిండిలో కలిపితే అది ఉడుకుతుందే గానీ కాలదు అన్నారు. తాండ్రకి చేసినట్టు మూకుట్లో వేసి సన్నసెగ మీద దగ్గరికి తియ్యాలి, గరిటెతో గీస్తే ఆ గీత పూడిపోకుండా నిలబడాలి, అప్పుడు దింపాలి. చెప్తూనే కొంగు దోపుకుని గరిటె అందుకున్నారు. సగం తిప్పేరో లేదో వీధిలో ఎవరో పిలిచినట్టయింది, గరిటె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయేరు. మిగతా సగం నేను తిప్పేను. ఆ వాయ కుదిరింది. అంతే, ఊళ్ళో నా పేరు ఆ కేకుతోనే వెళ్ళింది.

ఆవిడ ఓవెన్ దగ్గర చేసే పని చూస్తే నవ్వొచ్చేది. తలుపుకి చెవి దగ్గరపెట్టి వినేవారు. "ఇంకా మాట్లాడుతోంది, తియ్యకు" అనేవారు. కాసేపటికి గుమ్మంలోంచే "ఊరుకుంది, తీసెయ్" అనేవారు. తడి ఉన్నంతసేపూ లోపల చిటపటలాడుతుంది, అది ఆగితే అయినట్టు. నేను పుల్ల గుచ్చి చూసుకునేదాన్ని, ఆవిడ మాట ఒక్కసారీ తప్పలేదు. రుచి మాత్రం చూసేవారు కారు. నైవేద్యం వండే చేతికి నాలిక ఉండకూడదమ్మాయ్ అనేవారు. మరి వాసన బట్టి చెప్తారు కదా, వాసన కూడా చూడకూడదు కదా అని నేను ఆటపట్టిస్తే, "మనం చూడకూడదు. దానంతటదే వచ్చి ముక్కుకి తగిలితే మన తప్పు కాదు" అనేవారు. అందుకేనేమో గుమ్మంలోనే నిలబడేవారు.

మామిడిపళ్ళు వెళ్ళిపోయేయి. ఫ్రిజ్‌లో దాచిన గుజ్జు శ్రావణమాసంలో అయిపోయింది. అరటిపళ్ళకి మారేను. మన దేశంలో అరటిపండుకేం కరువు? బాగా మగ్గి నల్లబడ్డ కర్పూర రకం పళ్ళు మూకుట్లో వేసి దగ్గరికి తీస్తే మామిడి కంటే బాగా కుదిరింది. ఈ మార్పు పిన్నిగారికి చెప్పలేదు. దాచిపెట్టి కాదు. పప్పులో చింతపండు బదులు మామిడికాయ వేస్తే వీధంతా చెప్పుకుంటామా?

శ్రావణం వెళ్తుందనగా ఓ రోజు, బయట ఒకటే వాన. మర్నాటికి పెద్ద ఆర్డరు. డాక్టరమ్మగారి బంధువుల పెళ్ళిచూపులకిట, తెలిసినవాళ్ళంతా వస్తారట. నాకు భయం పట్టుకుంది. పొద్దుట్నుంచీ రుచి చూసి చూసి నాలిక మొద్దుబారిపోయింది. మా ఆయన్ని అడిగి లాభం లేదు, గడ్డి పెట్టినా బాగుందనే రకం. సరిగ్గా అప్పుడు పిన్నిగారొచ్చేరు, పడిశం పట్టి ముక్కు తుడుచుకుంటూ. ఆ పడిశమే లేకపోతే గుమ్మంలోనే పట్టేసేవారు. ఒక్క ముక్క నోట్లో వేసుకుని చెప్పండి పిన్నిగారూ, నా చెయ్యి ఆడటంలేదు అని బతిమాలేను. కళ్ళనీళ్ళొక్కటే తక్కువ.

ఆవిడ బయటి తిండి తినే మనిషి కారు. కేకు అన్నది జన్మలో నోట పెట్టలేదు. నా మొహం చూసి మెత్తబడ్డారు. "ఏమున్నాయమ్మాయ్ ఇందులో?" అని అడిగేరు.

నేను పాఠం అప్పచెప్పినట్టు చదివేను. గుడ్డు లేదు, పాలు లేవు, వెన్న లేదు, నెయ్యి లేదు, మైదా లేదు, పంచదార లేదు. లేనివన్నీ సరేనమ్మాయ్, ఉన్నవేంటి అన్నారు. గోధుమపిండి, బెల్లం, కొబ్బరినూనె, కోకో, పండు గుజ్జు అన్నాను. పండు గుజ్జు అని ఊరుకున్నాను. ఏం పండో నేను చెప్పలేదు. ఆవిడ అడగలేదు, ఆవిడకి తెలిసింది మామిడే కదా.

అప్పుడు కూర్చున్నారు. నిజం. వంటింట్లో ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, ముక్క చేతిలోకి తీసుకుని, కొంచెం కొంచెం తుంపి నోట్లో వేసుకున్నారు. వాన చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేం లేదు. సగం తిని నా చేతిలో పెట్టేస్తారనుకున్నాను. పూర్తిగా తిన్నారు. అరచేతిలో పడ్డ రవ్వలు కూడా తిన్నారు. ఆవిడ మా ఇంట్లో ఒకటి మొదలెట్టి పూర్తిచెయ్యడం అదే మొదలు.

"ఈ రుచి నాకు తెలుసమ్మాయ్. ఎక్కడిదో గుర్తురావట్లేదు" అన్నారు.

గాల్లో తేలిపోయేను ఆ మాటకి. ఆ తరవాత వారం పదిరోజులు అదే పోరు ఆవిడకి. గుమ్మంలోకి రావడం, ఎక్కడ తిన్నానబ్బా అనడం, వెళ్ళిపోవడం. మేనత్త ఇంట్లోనా, తిరణాలలోనా, చిన్నప్పుడా అని. అరటిపండే కదండీ, ఎక్కడో ఏమిటి అని నేను అన్నా పోయేది. అదీ అనలేదు.

వినాయకచవితి వచ్చింది. పూజయ్యేక ఉండ్రాళ్ళు, రెండు అరటిపళ్ళు పళ్ళెంలో పెట్టుకుని వాళ్ళింటికెళ్ళేను. మంచి ఎర్ర చక్కెరకేళీలు. ఆవిడ ఉండ్రాళ్ళు తీసుకుని పళ్ళు రెండూ నా పళ్ళెంలోనే ఉంచేసేరు.

నేను కాశీలో వదిలేసేను కదమ్మాయ్ అన్నారు, నాకు తెలిసిన సంగతే అయినట్టు. కాశీ వెళ్తే ఒక పండో కాయో గంగలో వదిలేసి రావాలి కదా, ఇంక జన్మలో దాన్ని ముట్టుకోకూడదు. మొగుడూ పెళ్ళాం యాత్ర బస్సులో వెళ్ళినప్పటి మాట, పాతికేళ్ళ పైమాటే. బస్సులో సగంమంది కాకరకాయ వదిలేరట. ఒకావిడ యాపిల్ వదిలిందట, మన ఊళ్ళో ఎలాగూ పండదని. ఈవిడ వంతు వచ్చేసరికి అరటిపండు అనేసేరట. చిన్నప్పట్నుంచి ప్రాణం పెట్టే పండు. గుళ్ళో గెలలు, ఇంట్లో గెలలు, పొద్దున్న లేస్తే అరటిపళ్ళ మధ్య తిరిగే కొంప. వాళ్ళాయన పడీపడీ నవ్వి, నువ్వు బెజవాడ దాకా కూడా ఆగలేవు అన్నారట.

ఆగేరు. పాతికేళ్ళు ఆగేరు. ఇంటినిండా మగ్గిన పళ్ళ వాసనలో ఆగేరు. ఆ పూట కథ మధ్యలో వదల్లేదు కూడా, చివరిదాకా చెప్పేరు.

"నా సంగతి నీకు తెలుసు కదమ్మాయ్. ఏదీ పూర్తిచెయ్యను. నేను నిలబెట్టుకున్నది ఇదొక్కటే. ఇదైనా పోయేదాకా పూర్తయినట్టు కాదనుకో."

పళ్ళెం పట్టుకుని నిలబడిపోయేను. చెప్పాల్సిన క్షణం అదే. పిన్నిగారూ, పదిరోజుల కిందట మీరు తిన్నది అరటిపండే, నేనే పెట్టేను అని చెప్పేస్తే అయిపోయేది. తిట్టేవారేమో, ఏడ్చేవారేమో, ఏదో ఒకటి అయ్యేది. ఆవిడ మొహంలో అంత గర్వం నేనెప్పుడూ చూడలేదు. వస్తానండీ అని వచ్చేసేను. తెలీక పెట్టడం తప్పు కాదు, తెలిసేక నోరు మూసుకోవడం తప్పు. ఈ మాట నాకు ఇవాళ తెలిసింది కాదు, ఆ పూటే తెలుసు.

ఆ మర్నాటి నుంచీ నా కేకు పెట్టెల మీద ఏం లేవో రాయడం మానేసి ఏమున్నాయో రాస్తున్నాను, పండు పేరుతో సహా. ఎవరి కోసం? చదవాల్సిన మనిషికి చదివి వినిపించలేదు కదా.

చెప్పాలని రెండుసార్లు వెళ్ళేను. ఓసారి తాళం. ఓసారి "ఆ రోజు మీరు తిన్నారే..." అని మొదలెట్టేను, బాగుందమ్మాయ్ బాగుంది అంటూ నన్ను దాటుకుని వీధిలోకి వెళ్ళిపోయేరు. ఆవిడ నిలబడలేదని లోపల ఎంత హాయిగా అనిపించిందో. ఛీ, ఏం మనిషినో నేను.

చవితి వెళ్ళిన నాలుగైదు రోజులకి అనుకుంటాను, మధ్యాహ్నం. వంటింట్లో కూర్చుని ఓ గంపెడు అరటిపళ్ళు ఒలిచి చేత్తో పిసుకుతున్నాను. మూకుట్లో ఒక వాయ దగ్గరపడుతోంది, ఇల్లంతా అదే వాసన. ఎవరూ వచ్చిన అలికిడి లేదు. వెళ్ళొస్తానమ్మాయ్ అన్న మాటా లేదు. తరవాత చేతులు కడుక్కుని వీధిలోకొస్తే గుమ్మం పక్కన నల్ల గొడుగు ఆనించి ఉంది.

మూడు రోజులు ఆవిడ రాలేదు. నాలుగోరోజు వచ్చేరు, ఎప్పట్లాగే ఒక కాలు మెట్టు మీద. నవ్వుతున్నారు.

"తెలిసిందమ్మాయ్, ఆ రుచి ఎక్కడిదో" అన్నారు.

ఎక్కడిదండీ అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసేరు కాసేపు. ఎప్పుడూ అంతసేపు దేన్నీ చూసే మనిషి కారు. "మిగతాది రేపు" అని మెట్టు దిగేసేరు. కోపం లేదు, మాట తేడా లేదు, కాబట్టి మేనత్త ఇల్లో ఏదో గుర్తొచ్చి ఉంటుందని నన్ను నేను నమ్మించుకున్నాను. అవసరమైతే మనిషి ఎంతైనా నమ్ముతుంది.

ఆ శనివారం పొద్దున్నే, తడిజుట్టు ముడేసుకుని, చేతిసంచీతో బస్టాండు వైపు వెళ్తున్నారు. చినుకులు పడుతున్నాయి. గొడుగు మా ఇంట్లోనే ఉందని గుర్తొచ్చి పట్టుకుని పరిగెత్తేను. తీసుకోలేదు. "ఉంచమ్మాయ్ నీ దగ్గరే. కొన్నిటికి తడిసే వెళ్ళాలి" అన్నారు. ఎక్కడికో అడగలేదు, అడక్కూడదు కదా. ఆ పై శనివారమూ వెళ్ళేరు. ఆ పై వారమూ. సాయంత్రం బస్సు దిగి వస్తుంటే కాఫీ కలుపుతానంటే ఇవాళ వద్దమ్మాయ్ అనేవారు. మొహం వాడిపోయి ఉండేది. మిగతా రోజుల్లో మామూలే, సగం కాఫీ, సగం చిక్కుడుకాయలు.

దసరా వెళ్ళేక, దీపావళి రాకుండానే, ఒక గురువారం పొద్దున్న పోయేరు. పెరట్లో నందివర్ధనం పూలు కోస్తూ కోస్తూ నిలబడ్డ చోటే కూలిపోయేరు. మంచం పట్టలేదు, ఒకరి చేత చేయించుకోలేదు, పుణ్యాత్మురాలు అన్నారు వీధంతా. సజ్జలో పూలు సగమే ఉన్నాయి. మిగతా సగం నేను కోసి ఆవిడ పాదాల దగ్గర పోసేను. ఏడ్చేను కూడా. కానీ నా ఏడుపులో ఇంక చెప్పక్కర్లేదన్న నిశ్చింత కూడా ఇంత ఉంది. అది నాకు తెలుసు. ఏడాదిగా నన్ను పీక్కుతింటున్నది అదే.

ఇవాళ ఆ అమ్మాయి ఫోన్లో అడిగిన ప్రశ్నకి రెండే జవాబులు. తగల్దమ్మా అనేసి సపోటా గుజ్జుతో చేసిచ్చేస్తే ఎవరికీ ఏమీ తెలీదు, చేసేదాంట్లో అబద్ధమూ ఉండదు. రెండోది నిజం. మధ్యాహ్నం దాకా తిరిగేను. అన్నం కలుపుకుని వదిలేసేను. మా ఆయన ఇంక ఉండబట్టలేక, ఏంటా తిరుగుడు, ఎదురింటి పిన్నిగారు పూనేరా అన్నారు. ఆ మాటకి కాళ్ళు ఆగేయి. ముక్కాలిపీట లాక్కుని కూర్చుని రాజోలుకి ఫోను చేసేను.

అంతా చెప్పేను. మామిడి అయిపోవడం, పడిశం, పండు గుజ్జు అని ఊరుకోవడం, చవితినాడు పళ్ళెం పట్టుకుని తిరిగొచ్చేయడం, గొడుగు. ఏదీ సగం చెప్పలేదు. మీ అమ్మగారు పాతికేళ్ళు నిలబెట్టుకున్నదాన్ని నేను పాడుచేసేనమ్మా, చెప్పకుండా పంపించేసేను అన్నాను.

తిట్టి పెట్టేస్తుందనుకున్నాను.

"అయితే ఆ అమ్మాయి మీరేనా అక్కా?" అంది.

ఏ అమ్మాయి అన్నాను. అప్పుడు చెప్పింది. ఆ శనివారాలు పిన్నిగారు వెళ్ళింది వాడపల్లి వెంకన్న దగ్గరకి. ఏడు శనివారాల మొక్కు. పొద్దుట్నుంచీ ఏమీ తినకుండా, బస్సులు మారి, ఆ జనంలో ప్రదక్షిణలు చేసి, గుడి బయటకొచ్చి కూతురికి ఫోను చేసేవారట. ఈ వయసులో నీకింక కోరికలేంటమ్మా అని ఈ పిల్ల నవ్విందట.

"కోరిక కాదే, ఒకమ్మాయి తెలీక పెట్టింది, నేను తెలీక తిన్నాను, నాదేముంది అంది. దానికి ఆ పాపం అంటకూడదు, అందుకని తిరుగుతున్నాను అంది. చెప్తే పొయ్యి ఆర్పేసి కూర్చుంటుంది, ఇప్పుడిప్పుడే చెయ్యి తిరిగింది దానికి, నువ్వు ఎక్కడా అనకు అంది. ఏం పెట్టిందో చెప్పలేదు, ఎవరో చెప్పలేదు. చిన్నపిల్ల ఎవరో అనుకున్నానక్కా నేను."

నాకు నలభై మూడేళ్ళు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని చిన్నపిల్లలాగే ఏడ్చేను. అటు ఆ అమ్మాయి కూడా ఏడ్చింది. కాసేపటికి ముక్కు చీదుకుని, ఆరు వారాలు అయ్యేయక్కా, ఏడోది మిగిలిపోయింది అంది. పోయే ముందురోజు ఫోన్లో కూడా అదే మాటట. ఒక్క వారం ఉందే, ఇదైనా పూర్తిచేస్తాను అన్నారట.

కేకు సంగతి చివర్లో మాట్లాడుకున్నాం. సపోటా గుజ్జుతో చేస్తాను, పెట్టె మీద రాసి పంపుతాను అన్నాను. చెయ్యండక్కా, అమ్మ చెప్పినట్టు నీళ్ళు చచ్చేదాకా తిప్పండి అంది.

ఎల్లుండి శనివారం. పొద్దున్నే తలస్నానం చేసి, ఏమీ తినకుండా, మొదటి బస్సుకి వాడపల్లి వెళ్తాను. ఒకరి మొక్కు ఇంకొకరు తీరిస్తే చెల్లుతుందా అని మా ఆయన అడిగేరు. నాకు తెలీదు. ఆవిడ చిక్కుడుకాయల పళ్ళేలు ఎన్ని పూర్తిచెయ్యలేదు నేను, ఇదీ చేస్తాను అన్నాను. అటక మీంచి నల్ల గొడుగు దింపి దుమ్ము దులిపి గుమ్మం పక్కన పెట్టేను. చేత్తో పట్టుకెళ్తాను గానీ వానొచ్చినా వెయ్యను. ప్రదక్షిణలయ్యేక గుడి మెట్ల పక్కన ఆనించి వచ్చేస్తాను. ఏడో వారం పిన్నిగారు వచ్చి వెళ్ళేరని తెలియాలి.